చేతిలో 3 లక్షలు ఉన్నాయి... ముందు ఏ అప్పు తీర్చాలి?

ప్రశ్న: బోనస్‌గా 3 లక్షలు వచ్చాయి. ఇంటి లోన్ ఇంకా 30 లక్షలుంది, వడ్డీ 9 శాతం. పర్సనల్ లోన్ 2 లక్షలు, 14 శాతం, రెండేళ్లు కట్టాలి. బండికి లక్ష తీసుకున్నాం, 8 శాతం ఫ్లాట్, 36 వాయిదాల్లో 12 అయ్యాయి. క్రెడిట్ కార్డులో 80 వేలుంటే నెలకు మినిమం 4 వేలు కడుతున్నాం, వడ్డీ నెలకు 3 శాతం. అన్నయ్య దగ్గర చేబదులు 50 వేలు. పెద్ద అప్పు కాబట్టి మొత్తం ఇంటి లోన్‌కే కట్టేద్దామంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: మీవారి ఆలోచన సహజమే. 30 లక్షలన్న అంకె చూస్తే ఎవరికైనా గుబులే. కానీ 3 లక్షలూ అందులో వేస్తే తగ్గే వడ్డీ నెలకు 2,250. కార్డులో ఉన్న 80 వేలకు మీరు కడుతున్న వడ్డీ నెలకు 2,400! అంటే మీ 4 వేలలో బాకీకి చేరేది 1,600 మాత్రమే, అదీ కార్డు మళ్లీ గీకకపోతే. కాబట్టి ముందు కార్డు, రెండో మాట లేదు.

తర్వాతి స్థానం పర్సనల్ లోన్‌దే అనుకుంటారు. ఇక్కడ బండి లోన్ దగ్గర కాస్త ఆగాలి. ఫ్లాట్ అంటే మీరు అసలు తీర్చుకుంటూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే లెక్కేస్తారు. మూడేళ్లకు 24 వేల వడ్డీ, నెలకు 3,444 వాయిదా. మిగతా లోన్లలాగా తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇది దాదాపు 14.5 శాతం. కాగితం మీద అన్నిటికంటే చవగ్గా కనిపించేది నిజానికి పర్సనల్ లోన్‌ను కూడా దాటిపోయింది.

అలాగని వెంటనే కట్టేయకండి. ఇప్పుడు క్లోజ్ చేస్తే ఎంత కట్టాలో ముందు రాతపూర్వకంగా అడగండి. 71, 72 వేల దగ్గర చెబితే కట్టేయొచ్చు. మిగిలిన 24 వాయిదాలూ కలిపి 82,656 అడిగితే ముందు కట్టి మీరు మిగుల్చుకునేదేమీ లేదు. దాన్ని దాని మానాన నడవనిచ్చి, ఆ డబ్బు పర్సనల్ లోన్‌కు మళ్లించండి. అక్కడ కూడా ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎంతో కనుక్కోండి. 3 శాతం ఉన్నా, రెండేళ్లు మిగిలింది కాబట్టి మీకే లాభం. అదే నాలుగు వాయిదాలే మిగిలి ఉంటే, మిగిలే వడ్డీని ఆ ఛార్జీయే మింగేసేది.

చిన్న అప్పులు ముందు తీర్చేస్తే మనసు తేలికపడుతుందని కొందరంటారు. వడ్డీల మధ్య తేడా ఒకటి రెండు శాతమే అయితే నేనూ కాదనను. పర్సనల్ లోన్ 14కీ, కార్డు 36కీ (నెలకు 3 శాతమంటే ఏడాదికి 36) మధ్య మాత్రం ఆ మాట చెల్లదు.

ఉన్నదంతా అప్పులకే ఊడ్చిపెట్టకండి. కనీసం రెండు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంచండి. లేకపోతే ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేకపోయినా మళ్లీ ఆ కార్డే బయటికి తీయాల్సి వస్తుంది.

అన్నయ్యగారి చేబదులుకు వడ్డీ లేదు కాబట్టి లెక్క ప్రకారం అది అన్నిటికంటే ఆఖరు. కానీ ఫలానా నెలలో ఇస్తానని మాటిచ్చి ఉంటే ఆ నెలకే ఇచ్చేయండి. లేదంటే ఫోన్ చేసి, ఎప్పుడు ఇవ్వగలరో మీరే ముందు చెప్పండి.

వడ్డీ ఉన్న అప్పుల్లో ఇంటి లోన్ వంతు ఆఖరుదే. ఆ వడ్డీకి మీకు పన్ను మినహాయింపు వర్తిస్తుంటే అది ఇంకా చవకైన అప్పు: 20 శాతం పన్ను కట్టేవారికి, వడ్డీ మొత్తానికీ మినహాయింపు దొరికితే, 9 శాతం కాస్తా 7.2 అవుతుంది. కార్డు తీరాక మిగిలే నెలకు 4 వేలు మాత్రం ఖర్చుల్లో కలిసిపోనివ్వకండి. పర్సనల్ లోన్‌లో కొంత కొంత ముందే కట్టనిస్తారేమో అడిగి అటు మళ్లించండి. అదీ తీరాక ఆ 4 వేలూ, పర్సనల్ లోన్ వాయిదా డబ్బూ ఇంటి లోన్‌కు వెళ్లాలి. అప్పుడు వాయిదా తగ్గించమనకండి, గడువు తగ్గించమనండి.

ఇంకొకటి. కార్డు బాకీ స్టేట్‌మెంట్‌లో ఉన్నంతా కట్టేసినా, ఆ తేదీకీ మీరు కట్టిన రోజుకీ మధ్య పడిన వడ్డీ వచ్చే నెల కనిపించవచ్చు. చిన్న మొత్తమే కదా అని వదిలేయకుండా అదీ కట్టేసి, బాకీ సున్నా అయిందో లేదో చూసుకోండి.