ముందు తారీఖు చూడు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. చెంచు తాత మామిడి కొమ్మకు పట్టిన బదనికను, ఆ పరాన్న మొక్కను, విరిచి పక్కన పడేసే చోటు బాగుంది. మిగతాది చదువుతుంటే కోపం వచ్చింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చూసిన పిట్టలు ఇప్పుడు లేవనీ, నల్లమల మూగబోయిందనీ ముగించావు. నువ్వు అక్కడి ఫర్హాబాద్ పోయింది మే నెలలో. కనపడలేదని నువ్వు వాపోయిన గ్రే వాగ్‌టైల్ వలస పిట్ట. సెప్టెంబరు, అక్టోబరుల్లో మన వాగుల దగ్గర దిగుతుంది, ఎండలు ముదిరేలోపు ఉత్తరాన కొండల వైపు వెళ్లిపోతుంది. మేలో అది ఫర్హాబాద్ దారిలోని మన్ననూరులో ఎట్లా కనిపిస్తుంది? ఒక అడవి చచ్చిపోయిందని రాసేముందు క్యాలెండర్ చూడాలి గదా!

సలీం అలీ పేరు వచ్చిన ప్రతిచోటా 'మహనీయుడు' అని రాశావు, ఒక్కచోటా తారీఖు రాయలేదు. 1931-32లో నిజాం సర్కారు ఇచ్చిన డబ్బుతో ఆయన హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి చేసిన పక్షుల సర్వే 1933, 34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో విడతలుగా అచ్చయింది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైటులో ఆ జర్నల్ పాత సంచికల స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. అందులో ప్రతి పిట్ట దగ్గరా మొదట నమూనా నంబరు, ఆడో మగో, తారీఖు, ఊరు, ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తో అడుగుల్లో ఉంటాయి. తర్వాత కన్ను, ముక్కు, కాళ్ల రంగులు. ఆ తర్వాతే అలవాట్ల గురించి నాలుగు మాటలు. కొత్తగా రాసేవాళ్లు ఆ నాలుగు మాటలు ఏరుకొని పైవి వదిలేస్తారు. నన్నడిగితే పైన ఉన్న ఆ రెండు వరుసల్లోనే ఆనాటి పాలమూరు ఉంది.

ఒక నోట్‌బుక్కులో గీతలు కొట్టుకో. పిట్ట పేరు, ఆయన రాసిన ఊరి పేరు అదే స్పెల్లింగుతో, తారీఖు, ఎత్తు. పక్కన రెండు ఖాళీ గళ్లు నీ కోసం. శాస్త్రీయ నామాలు అప్పటికీ ఇప్పటికీ చాలా మారాయి, కాబట్టి పాత పేరు కొట్టేయకుండా దాని కింద ఇప్పటి పేరు రాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే ఊళ్లూ ఎత్తులూ చూపించే మ్యాపు, ఒకటికి యాభై వేల స్కేలుది, ముందు పెట్టుకో. ఊరి పేరు దగ్గర అనుమానం వస్తే ఎత్తుతో సరిచూసుకో. రెండు వేల అడుగులంటే దాదాపు 610 మీటర్లు. ఆయన మహబూబ్‌నగర్ జిల్లా అన్నచోట నువ్వు 2016 తర్వాతి మ్యాపులో వెతికితే అమ్రాబాద్ దొరకదు, అది నాగర్‌కర్నూల్‌లో ఉంది. ఆయన తిరిగిన రోజుల్లో కృష్ణ మీద శ్రీశైలం డ్యామూ లేదు, నాగార్జునసాగరూ లేదు. ఈ రెండు జలాశయాల ఒడ్డున నీటిపిట్టలు కనిపిస్తే ఆయన జాబితాతో పోల్చి 'పెరిగాయి' అనొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆయన పిట్టను తుపాకీతో కొట్టి, చేతిలోకి తీసుకొని, రెక్క కొలిచి గుర్తుపట్టాడు. ఆ నమూనాలను ఇంగ్లండు నుంచి పక్షి నిపుణుడు హ్యూ విస్లర్ పరిశీలించి నోట్సు రాశాడు. మనం బైనాక్యులర్‌తో ఆకుల సందుల్లోంచి చూస్తాం. వార్బ్లర్లనే ఆకుపచ్చటి చిన్న పిట్టలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టే ఉంటాయి. అక్కడ 'కనపడలేదు' అంటే 'గుర్తుపట్టలేదు' అని కూడా కావచ్చు.

బదనిక దగ్గర నువ్వు ఇంకాసేపు ఆగాల్సింది. దాని మొగ్గ పొడుగ్గా, మూసుకొని ఉంటుంది. తేనెపిట్ట కొన నొక్కితే టప్పున విచ్చుకొని పుప్పొడి పిట్ట తల మీద చిమ్ముతుంది. పండును మింగే ఫ్లవర్‌పెకర్ అనే చిన్న పిట్ట దాని గింజను నిమిషాల్లోనే విసర్జిస్తుంది. గింజ చుట్టూ బంక. పిట్ట వెనకభాగాన్ని కొమ్మకు రుద్దితే గింజ అక్కడే అతుక్కొని మొలుస్తుంది. సర్వే మొదలైన 1931లోనే ఆయన దీని మీద వ్యాసం రాశాడు. తాత విరిచిన ఆ కొమ్మలో ఇంత కథ ఉంటే నువ్వు 'ప్రకృతి ఒడి' అని దాటేశావు.

ఈ 'ఒడి' మాట నీది కాదని తెలుసు. ఆదివారం అనుబంధాలు నేర్పిన మాట అది. తారీఖులు, ఊళ్ల పేర్లు పాఠకుడికి విసుగని కొట్టేసి, విశేషణాలు మాత్రం ఉంచే సంపాదకులను చాలామందినే చూశాను. మన గుట్టల మీద నమ్మదగిన రాత తెలుగులో ఇంత తక్కువ ఉండటానికి వాళ్లూ ఒక కారణం. వాళ్ల కోసం రాయకు.

మళ్లీ పోయేటప్పుడు ఆయన నోట్సులో ఉన్న నెలలోనే పో. తేనెపిట్టలు కావాలంటే మోదుగ పూసే ఫిబ్రవరి, మార్చి. వలస పిట్టలకు నవంబరు నుంచి ఫిబ్రవరి. వానాకాలంలో మూడు నెలలు సఫారీ ఉండదు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రిపూట మూస్తారు, కాబట్టి అచ్చంపేటలో పడుకుంటే పొద్దుగాల పిట్టలు మేసే మొదటి రెండు గంటలు పోతాయి. మన్ననూరులోనే బస చూసుకో. దొరక్కపోతే ఆ వారం మానుకొని ఇంకో వారం పో.