నల్లకోటు వేస్తానంటే నెలజీతం ఎంతంటారేం?

ప్రశ్న: మా అమ్మాయి అయిదేళ్ల లా పూర్తిచేసింది. భీమవరంలోనే పన్నెండు మంది లాయర్లున్న ఆఫీసులో జూనియర్‌గా చేరతానంటోంది. బంధువులేమో హైదరాబాద్ వెళ్లి కార్పొరేట్ లా చేస్తే లక్షల్లో జీతమంటున్నారు. రేపు సంబంధాలవాళ్లు అడిగితే చెప్పుకోవడానికీ బాగుండాలి కదా. రెండింటినీ పోల్చి చెప్పగలరు. - ఓ తండ్రి

జవాబు: పోలిక తర్వాత. ముందు మీ ఉత్తరంలోని ఆ సంబంధాల మాట చూద్దాం, అసలు బెంగ అక్కడుంది. అమ్మాయికి ఏ పని నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు, ఇంకా రాని సంబంధాలవాళ్లకు ఏం చెప్పాలో మాత్రం రాశారు. అయిదేళ్లు చదివించిన తండ్రికి ఇది తగదండీ. 'కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది' అనండి, చాలు.

ఇక కార్పొరేట్ సంగతి. పెద్ద సంస్థలు ఎక్కువగా జాతీయ లా యూనివర్సిటీల క్యాంపస్‌లలోనో, తమ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసి మెప్పించినవాళ్లలోనో వెతుక్కుంటాయి. బంధువులు చెప్పే లక్షలు ఆ కొద్దిమందివి. చదువైపోయాక ఆన్‌లైన్‌లో ఒప్పందాల డ్రాఫ్టింగ్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌తో తలుపు తట్టినంత మాత్రాన తెరుచుకుంటుందని నేను చెప్పలేను. దొరికినా తొలి ఏళ్లలో చేతికొచ్చేది కంపెనీ కాగితాల గుట్టలు చదివి లొసుగులు ఏరడం, ఒప్పందాల్లో క్లాజులు సరిచూడడం. అది ఇష్టమైనవాళ్లకు మంచి పనే. మీ అమ్మాయి మాత్రం అడిగింది కోర్టు.

ఇంకో మెలిక చాలామంది గమనించరు. ఏదైనా కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్‌లో పూర్తికాలపు జీతానికి చేరితే, లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ 49వ నిబంధన ప్రకారం ప్రాక్టీసు ఆపేయాలి. 2025 మేలో సుప్రీంకోర్టు సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్) పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. లెక్క తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు నమోదు) తేదీ నుంచి మొదలవుతుంది. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చే సర్టిఫికెట్‌పై జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ కూడా కావాలి. జడ్జి ఆశ ఏ మూలన ఉన్నా, జూనియర్‌గా గడిపే ఈ మూడేళ్లు వృథా అనుకోకండి.

ఊరి ఆఫీసులో ఏముంటుందంటారా? చెక్ బౌన్స్ ఒక్కటే తీసుకోండి. చెక్కు చెల్లలేదన్న బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి, అది అందాక కట్టడానికి 15 రోజులు గడువు, అది దాటిన నెలలోపు ఫిర్యాదు. నోటీసులో చెక్కు మొత్తం కాకుండా వేరే అంకె అడిగినా, తేదీ తప్పు లెక్కేసినా, కేసుకు అక్కడే గండి. పాత అడ్రసుకు పంపి, పోస్టల్ రసీదు దాచకపోతే నోటీసు అందిందని చూపడానికి తిప్పలు. భాగం దావాలో వాటాదారుల్లో ఒక్కరిని చేర్చకపోయినా అవతలి లాయరు పట్టుకునేది మొదట దాన్నే. ఆస్తి వివరాల షెడ్యూల్లో సర్వే నంబరో హద్దులో తప్పితే, ఏళ్ల తర్వాత డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) చేతికొచ్చినా, దాన్ని అమలు చేయమని వేసే ఈపీలో అమీనా (కోర్టు ఉద్యోగి) పొలం దాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగొస్తాడు. దావా ఆఫీసు అభ్యంతరాలతో వెనక్కి రావడం, సరిచేసి మళ్లీ వేస్తే నంబరు పడటం, కాపీ అప్లికేషన్, సమన్లు పంపే ఖర్చుకు బత్తా కట్టడం... చూడ్డానికి చిల్లర పనులు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి సాక్షిని ఎక్కడ పట్టుకోవాలో ఈ కాగితాలు తిరగేసిన జూనియర్‌కే తడుతుంది.

డబ్బు తక్కువే, దాచను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇమ్మంది. అది సిఫార్సు మాత్రమే, ఇంతకన్నా తక్కువిచ్చే ఆఫీసులు బోలెడు. మొదటి రెండేళ్లు ఇంటి ఆసరా ఉంటుందని అమ్మాయికి ఇప్పుడే చెప్పేయండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 125) దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. బార్ పరీక్ష ఏఐబీఈ రెండేళ్లలో గట్టెక్కాలి. అదంత భయపడాల్సింది కాదు.

అయితే ప్రతి ఆఫీసూ నేర్పదు. కొన్నిచోట్ల మూడేళ్లూ వాయిదాలు అడిగించి వదిలేస్తారు. అందుకే చేరేముందు అడగాల్సినవి ఉన్నాయి: వకాలత్‌లో (క్లయింటు లాయరుకిచ్చే అధికార పత్రం) నా పేరు ఉంటుందా? నేను రాసిన ప్లెయింట్ (దావా పత్రం) ఎవరు దిద్దుతారు? సాక్షిని విచారించే అవకాశం ఎప్పుడు? సివిల్, క్రిమినల్ రెండూ చూస్తారా? పదిమందికి పైగా పనిచేసే చోటు కాబట్టి, చట్టప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, అదీ అడగాలి.

ఇవన్నీ అమ్మాయే అడగాలి. మీరు వెంట వెళ్లి సీనియర్ ఎదుట కుర్చీ లాక్కుని స్టైపెండ్ బేరమాడకండి. బయట బండి దగ్గర ఉండండి.