బ్రిటన్ ఐస్ హాకీలో పాత తరం ఆటే మెరుగ్గా ఉండేదా?

లేదు, జట్టుగా చూస్తే ఇప్పటి ప్రమాణమే ఎక్కువ. 1980లలో ఒక్కో క్లబ్బుకు ముగ్గురు విదేశీ ఆటగాళ్లకే అనుమతి ఉండేది. మిగతావాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుంటూ ఆడిన స్థానికులు. బలహీనమైన డిఫెన్స్ మీద ఆ ముగ్గురు విదేశీయులు, ఎక్కువగా కెనడావాళ్లు, గోల్స్ కుప్పలుగా కొట్టేవారు. 2003లో మొదలైన, బ్రిటన్‌లో పైస్థాయి పోటీ అయిన ఎలైట్ లీగ్‌లో ఆటే వృత్తిగా ఉన్నవాళ్లు ఎక్కువ. జట్టులో వంతులవారీగా దిగే ఆటగాళ్ల బృందాల్లో చివరిది కూడా వేగంగా ఆడుతుంది, అందుకే గోల్స్ తగ్గాయి.

జాతీయ జట్టునే తీసుకోండి. 1994 ప్రపంచ ఛాంపియన్‌షిప్ టాప్ డివిజన్‌లో బ్రిటన్ అన్ని మ్యాచ్‌లూ ఓడి కిందికి దిగిపోయింది. 2019లో మాత్రం ఫ్రాన్స్‌పై 0-3తో వెనకబడి, ఓవర్‌టైమ్‌లో 4-3తో గెలిచి టాప్ డివిజన్‌లోనే నిలబడింది. ఎంత గొప్ప గెలుపో!

చాలామంది పొరబడేది బ్రిటన్ గెలిచిన 1936 ఒలింపిక్ స్వర్ణం దగ్గర. ఆ జట్టులో ఎక్కువమంది బ్రిటన్‌లో పుట్టినా ఆట నేర్చుకుంది కెనడాలో. కాబట్టి ఆ పతకం అప్పటి స్థానిక ఆటకు కొలమానం కాదు. అలాగని పాతవాళ్లందరూ తక్కువేం కాదు. ఎడిన్‌బరోలో ఆట నేర్చుకున్న టోనీ హ్యాండ్‌ను 1986లో ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లోని ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే ప్రక్రియలో) ఎంచుకుంది.