అంబాసిడర్ డోరు రబ్బరుకు ఏ జిగురు?

ప్రశ్న: మా నాన్నగారు కొన్న 1986 నాటి అంబాసిడర్ కారును ఇప్పటికీ నడుపుతున్నాము. గట్టి వాన పడితే ముందు సీటు దగ్గరి మ్యాటు తడిసి ముద్దవుతోంది. నాలుగు డోర్లకూ డిక్కీకీ కొత్త రబ్బరు బీడింగు తెచ్చాను. అతికించడానికి ఒక మెకానిక్ సిలికాన్ చాలంటున్నారు, మరొకరు కొత్త కార్ల అద్దాలకు వాడే నల్ల జిగురు పెడితే జన్మలో ఊడదంటున్నారు. నిరుడు ఒక డోరుకు సూపర్‌గ్లూతో అతికిస్తే ఎండాకాలం దాటకుండానే లేచిపోయింది. ముందు అద్దం రబ్బరు కూడా మార్చాలి. దేనికి ఏది వాడాలో తెలియజేయగలరు.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: జన్మలో ఊడకపోవడం పాత కారు విషయంలో సుగుణం కాదు. ఈ బీడింగు కూడా కొన్నేళ్లకు ఎండి పగులుతుంది, అప్పుడు దాన్ని పీకవలసినవారు కూడా మీరే. నల్ల జిగురు అంటే పాలీయూరిథేన్. అద్దాన్ని నేరుగా బాడీకి అతికించే కార్ల కోసం తయారైన సరుకు అది. దాన్ని తీయాలంటే తీగతోనో కత్తితోనో కోయాలి, కోసేటప్పుడు కింది పెయింటు కూడా లేచి వచ్చే ప్రమాదం ఉంది.

సిలికాన్‌తో వచ్చే చిక్కు వేరు. బజారులో దొరికే మామూలు రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది; ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది. పెయింటు పోయి రేకు తేలిన చోట అది తుప్పుకు దారి తీస్తుంది. పైగా సిలికాన్ అంటిన చోట ఎంత తుడిచినా కొత్త పెయింటు సరిగా పట్టదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది. ఇక మీ సూపర్‌గ్లూ లేచిపోవడంలో వింతేమీ లేదు: అది ఆరాక గాజులా పెళుసుగా తయారవుతుంది, డోరు వేసిన ప్రతిసారీ రబ్బరు నలిగి కదులుతుంటే చిట్లక ఏం చేస్తుంది? బీడింగు రెండు కొసలను ఒకదానితో ఒకటి కలపడానికి మాత్రం దాన్ని ఒక చుక్క వాడుకోవచ్చు.

మీకు కావలసింది నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేసే కాంటాక్ట్ జిగురు, అంటే రెండు వైపులా రాసి, కాస్త ఆరాక అద్దేది. సీట్లకు రెగ్జిన్ వేసేవారు, చెప్పులు కుట్టేవారు డబ్బాలోంచి బ్రష్షుతో రాసే పసుపుపచ్చని జిగురు ఈ జాతిదే. కార్ల బీడింగుల కోసమని ట్యూబుల్లో వచ్చే నల్లరకం దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే అంచుల్లో కాస్త బయటికి వచ్చినా కనబడదు. ఫెవికాల్ అడిగితే దుకాణంలో వడ్రంగులు వాడే తెల్ల డబ్బా చేతికివ్వవచ్చు. అది నీళ్లతో కలిపిన జిగురు, ఈ పనికి రాదు. పంక్చర్ సొల్యూషన్ కూడా రబ్బరును రబ్బరుకు అతికించేదే తప్ప పెయింటు మీద నిలిచేది కాదు.

డబ్బా తెరవకముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది పెయింటుకు. పాత అంబాసిడర్లకు షెడ్లలో వేసిన రంగు చాలావరకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటే, అది థిన్నర్ తగిలితే కరిగిపోతుంది. కాంటాక్ట్ జిగురులోనూ అలాంటి ద్రావకమే ఉంటుంది కనుక, డోరు అంచున కనబడని చోట ఒక చుక్క వేసి పావుగంట చూడండి. రంగు ముడతపడితే జిగురును చాలా పలుచగా రాయాలి. రెండో పరీక్ష బీడింగు మందానికి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికే బీడింగుల్లో బయటివారు చేసినవే ఎక్కువ, వాటి మందం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. చపాతీ పిండిని చిన్న ఉండలు చేసి, పాలిథిన్ ముక్కల్లో చుట్టి, డోరు చట్రం మీద నాలుగైదు చోట్ల పెట్టి డోరు వేసి తీయండి. నలిగిన ఉండ మందమే మీ సందు కొలత. రబ్బరు దానికన్నా కొంచెం లావుగా ఉంటే చాలు. మరీ లావైతే డోరు పడదు, ఆ తప్పు జిగురు మీదికి పోతుంది.

కొత్త బీడింగు మీద అచ్చు తాలూకు పొడి, జిడ్డు ఉంటాయి. ముఖ్యంగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుకు జిగురు ఓ పట్టాన పట్టదు. అతికే వైపు సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడవండి. పెట్రోలు వద్దు, కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బుతాయి. జిగురును రబ్బరుకూ రేకుకూ రెండింటికీ పలుచగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలు ఆనిస్తే అంటీ అంటనట్టు ఉండాలి, దారంలా సాగకూడదు. చాలామంది ఈ పావుగంట ఓర్చుకోలేకే పని పాడుచేసుకుంటారు. ఒకసారి తాకించాక జరపడం కుదరదు గనుక అడుగు అడుగు చొప్పున అద్దుతూ పోవాలి. రబ్బరును లాగి అతికించకండి, అది వెనక్కి ముడుచుకుని మూలల్లో లేస్తుంది. మూలల దగ్గర కాస్త లోపలికి తోసినట్టు పెట్టాలి. అతుకు డోరు అడుగున రానివ్వండి. అయితే అక్కడి నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. డోరు అద్దం వెంట లోపలికి జారిన నీళ్లకు బయటికి దారి అవే. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు, తడిగాలికి జిగురు పైపొర తెల్లబారి పట్టు తప్పుతుంది. దగ్గర్లో బీడీ కూడా వెలిగించనివ్వకండి.

ముందు అద్దం రబ్బరుకు మాత్రం జిగురు వద్దు. ఆ రబ్బరుకు రెండు గాళ్లు ఉంటాయి, ఒకదాంట్లో అద్దం, రెండోదాంట్లో బాడీ రేకు అంచు కూర్చుంటాయి. రేకు గాడిలో నైలాన్ తాడు చుట్టి, సబ్బునీళ్లు రాసి, బయటి నుంచి ఒకరు అరచేత్తో అదుముతుంటే లోపలివారు తాడును మెల్లగా లాగుతారు. రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఆ తరువాతా కారితే గట్టిపడని మాస్టిక్‌ను (సందులు పూడ్చే మెత్తని ముద్దను) రబ్బరు పెదవి కిందికి ఎక్కిస్తే సరిపోతుంది.

ఒక అనుమానం కూడా చెప్పాలి. ముందు మ్యాటు తడుస్తోందంటే దోషం డోరుదే కాకపోవచ్చు, అద్దం కింది మూలలూ కారణం కావచ్చు. ఒకరిని టార్చితో లోపల కూర్చోబెట్టి, చెంబుతో కింది నుంచి పైకి ఒక్కో చోటా నీళ్లు పోసి చూడండి. చుక్క ఎక్కడ మెరిస్తే అక్కడి నుంచి పని మొదలుపెట్టండి.

ప్రశ్న: పాత జీపు డోర్ల మీద గట్టిపడిన జిగురు పెచ్చులున్నాయి. బ్లేడుతో గీకవచ్చా?
— మరొక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: బ్లేడు రేకు దాకా దిగుతుంది, వద్దు. కిరసనాయిలు తడిపిన గుడ్డను పెచ్చుల మీద కాసేపు పరచి ఉంచి, ప్లాస్టిక్ స్కేలు అంచుతో తోయండి. లొంగకపోతే కిరసనాయిలును పూర్తిగా తుడిచేశాక హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చూపించండి. చివరకు సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరాక స్పిరిట్‌తో తుడవండి. కిరసనాయిలు జిడ్డు మిగిలితే కొత్త జిగురు పట్టదు.