చక్రాలు ఆనాక విమానం ఎందుకు తిరిగింది?

ప్రశ్న: మాది ఉరవకొండ. మా అమ్మాయి వేరే రాష్ట్రంలో పైలట్ శిక్షణ తీసుకుంటోంది. పోయిన నెల ఒక్కతే సెస్నా 172 అనే చిన్న విమానం దింపుతుంటే ఎడమ పక్క నుంచి గాలి కొట్టిందట. చక్రాలు బాగానే ఆనాయట, ఆ తర్వాత విమానం ఎడమకు తిరిగి గడ్డిలోకి పోయింది. దెబ్బలేం తగల్లేదు. "నేను సరిగ్గానే దించినా మా, అదే తిరిగింది" అంటుంది. దిగినాక ఎందుకట్లా అయింది? మాన్పించేద్దామా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పిల్ల క్షేమంగా ఉంది, అది చాలు. నేను కడప వాణ్ణి, విమానం నేర్పడమే నా ఉద్యోగం. మాన్పించొద్దు.

ఉరవకొండ వాళ్లకు గాలి గురించి చెప్పాల్సిన పని లేదు. వానాకాలం మొదలైతే పడమటి గాలి ఆగదు, గాలిమరలు అక్కడ పెట్టింది అందుకే కదా. రన్‌వే నేరుగా పడమరకు ఉండి, గాలి నైరుతి నుంచి 20 నాట్ల వేగంతో వస్తుంటే, అందులో విమానాన్ని ఎడమ పక్క నుంచి నెట్టేది సుమారు 14 నాట్లు, అంటే గంటకు 26 కిలోమీటర్లు. సెస్నా 172 తయారీదారు పరీక్షల్లో దింపి చూపించిన అడ్డగాలి 15 నాట్లు. కొత్తగా ఒంటరిగా ఎగిరేవాళ్లకు ఇన్‌స్ట్రక్టర్లు దానికంటే బాగా తక్కువ హద్దు పెడతారు, పెట్టాలి కూడా.

ఇక అసలు సంగతి. విమానం తోక మీద నిలువుగా పెద్ద రెక్క ఉంటుంది. ఎడమ గాలి దాన్ని కుడికి తోస్తుంది, ముక్కు ఎడమకు, గాలికి ఎదురుగా తిరుగుతుంది. కుడి పెడల్ తొక్కి రడ్డర్‌తో, అంటే ఆ తోక రెక్క వెనక అటూ ఇటూ కదిలే పలకతో, దాన్ని ఆపాలి. వేగంగా పోతున్నంతసేపు రడ్డర్ మాట వింటుంది. దిగాక వేగం తగ్గేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది, గాలి మాత్రం తగ్గదు. అందుకే నేల మీద పెడల్ ఇంకా ఎక్కువ తొక్కాల్సి వస్తుంది. చాలామంది పిల్లలు సరిగ్గా ఆ క్షణంలోనే "హమ్మయ్య" అని కాళ్లు వదులు చేస్తారు. చేతులు కూడా అంతే. దిగేటప్పుడు ఎడమ రెక్క వంచడానికి ఎడమకు తిప్పిన యోక్‌ను, అంటే స్టీరింగ్ లాంటి దాన్ని, నిటారుగా తెచ్చేస్తారు. దాంతో గాలి వైపు రెక్క లేస్తుంది, ఆ పక్క చక్రానికి పట్టు పోతుంది. యోక్ అట్లే ఎడమకు ఉంచి, వేగం తగ్గేకొద్దీ ఇంకా తిప్పుతూ పోవాలి, ఆఖరికి పూర్తిగా. బాగా నెమ్మదించేదాకా ఇదే పని. చక్రాలు ఆనడం దిగడంలో సగమే అని ఎంత చెప్పినా తక్కువే.

ముందు చక్రం మీద బరువు వేసి వేగంగా దించినా ఇదే తిప్పలు. వెనక చక్రాలు తేలిపోయి విమానం ముందు చక్రం మీద తిరుగుతుంది. అమ్మాయి ఆరోజు ఎంత వేగంతో దిగిందో అడగండి.

మళ్లీ ఒంటరిగా ఎక్కకముందు ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకొని, 8, 10 నాట్ల అడ్డగాలి ఉన్న రోజున, గాలి వైపు రెక్క కాస్త వంచి, దిగకుండా రన్‌వే పొడవునా తక్కువ ఎత్తులో నడిపే అభ్యాసం చేయమనండి. ముక్కు రన్‌వేకు సూటిగా నిలవకపోతే ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేవాలి. చక్రాలు ఆనాక కూడా, రన్‌వే మిగిలి విమానం ఇంకా చేతిలో ఉంటే లేవచ్చు. అలా లేచిందని ఏ మంచి ఇన్‌స్ట్రక్టరూ తిట్టడు.