తుప్పలు పెరిగిన పెరడులో కోళ్ళ పెంపకం: ఎంత నరకాలి, ఎంత ఉంచాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పల్లె. ఇంటి వెనక 20 సెంట్ల పెరడు మూడేళ్ళుగా పట్టించుకోక తలంబ్రాల (లాంటానా) తుప్పలతోనూ వయ్యారిభామతోనూ నిండిపోయింది. 12 నాటుకోళ్ళు ఉన్నాయి. పెట్టలు తుప్పల్లో ఎక్కడో గుడ్లు పెడుతున్నాయి, మాకు దొరకడం లేదు. పొదిగి తెచ్చిన పిల్లల్లో సగం నెల తిరగకుండానే మాయమవుతున్నాయి. కొత్తగా 30 వనరాజా రకం కోడిపిల్లలు తెచ్చుకోవాలని ఉంది. కలుపుమందు కొట్టి పెరడంతా ఒకేసారి శుభ్రం చేయమని ఇరుగుపొరుగువారు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, పెరడంతా ఒకేసారి బోడి చేయవద్దు, కలుపుమందు అసలే కొట్టవద్దు. మీ 12 కోళ్ళు ఇన్నాళ్ళూ పెద్దగా ఖర్చు లేకుండా బతికాయంటే అది ఆ పెరడు పెట్టిన మేతే. రాలిన గింజలు, లేత ఆకులు, చెదలు, మిడతలు, వానపాములు అన్నీ ఆ నీడలోనే దొరుకుతాయి, కోడికి కావలసిన మాంసకృత్తుల్లో చాలా భాగం ఆ పురుగుల నుంచే వస్తుంది. మందు కొట్టిన ఆకును, దానిమీద వాలిన పురుగును కోళ్ళు ఏరుకు తింటాయి. పైగా ఎండిపోయిన కంప అలాగే నిలబడి ఉంటుంది కనుక నరికే పని ఎలాగూ తప్పదు. అసలు చిక్కు తుప్పలు ఉండటంలో లేదు, అవి కోళ్ళ గూటినీ ఇంటి గోడనూ ఆనుకుని ఉండటంలో ఉంది.

కాబట్టి నరకడం గూటి దగ్గర మొదలుపెట్టండి. గూటికీ ఇంటికీ చుట్టూ 15 నుంచి 20 అడుగుల మేర నేల కనబడేలా పూర్తిగా బాగు చేయండి. ఆ తరువాతి భాగంలో చెట్లను, పెద్ద తుప్పలను ఉంచి, మోకాలి ఎత్తు వరకు కింది కొమ్మలు మాత్రం తీసేస్తే నేలమీద ఎండ పడుతుంది, దూరం నుంచి చూపు ఆనుతుంది, కోళ్ళకు నీడా మిగులుతుంది. గద్ద నీడ పడినప్పుడు పిల్లలు దూరడానికి అక్కడక్కడ నాలుగైదు గుబురు తుప్పలు ఉండాలి. వాటిని గూటికి దూరంగానే వదలండి. తీసేయదలచిన తలంబ్రాల తుప్పను మొదలంటా నరికితే మళ్ళీ చిగురిస్తుంది, కాబట్టి వానలు పడి నేల మెత్తబడ్డాక వేళ్ళతో సహా పెకిలించండి. ఆ కొమ్మలను పశువుల ముందు, మేకల ముందు వేయవద్దు. దాని ఆకు వాటి కాలేయాన్ని దెబ్బతీసి పచ్చకామెర్లు తెస్తుంది, ఎండ తగిలిన చోట చర్మం పుండ్లు పడుతుంది. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగు వేసుకుని పీకాలి. విషపు మొక్కలైన గన్నేరు, ఉమ్మెత్త, గురివింద తీగ కనబడితే వాటినీ తీసేయండి. మూడేళ్ళు మనిషి కాలు పెట్టని చోటు కనుక ముందు పొడవాటి కర్రతో తట్టి, కాళ్ళకు బూట్లు తొడిగి, పగటిపూటే పని చేయండి. తుప్పలో గుడ్ల కోసం చెయ్యి పెట్టి తడమడం మాత్రం ఈరోజు నుంచే మానండి.

పిల్లలు మాయమవడానికి కారణం ఒక్కటే అయి ఉండదు. పట్టపగలు ఆనవాలు లేకుండా ఒక్కొక్కటే పోతుంటే గద్దనో కాకినో అనుమానించాలి. ముంగిస కూడా పగలే తిరుగుతుంది, తుప్ప చాటు నుంచి ఒక్క ఉరుకులో వచ్చి పట్టుకుపోతుంది. రాత్రి గూడు మూసినంత మాత్రాన దాన్ని ఆపలేము, గూటి చుట్టూ ఉన్న బోడి నేలే దానికి అడ్డు. రాత్రి గూటిలోనే పోతుంటే పాము, అడవిపిల్లి, పందికొక్కు పని. వీటికోసం విషపు ఎర పెట్టవద్దు. ముంగిస, ఉడుము, అడవిపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు, వాటిని చంపడం నేరం. ఆ ఎర తిని మీ కోళ్ళు, ఊరి కుక్కలు చచ్చిపోయే ప్రమాదమూ ఉంది.

గూటిని నేలకు రెండున్నర అడుగుల ఎత్తున వెదురు గుంజలమీద కట్టి, గుంజలకు రేకు తొడిగితే ఎలుకలు, పాములు పాకలేవు. పక్కలకు అర అంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించండి. మొత్తం 27 కోళ్ళు (ఉన్న 12, కొత్తగా తెచ్చే 15) రాత్రి పడుకోవడానికి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు సరిపోతుంది. కప్పును గుంజలకు గట్టిగా కట్టాలి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను మీ జిల్లాను ఎంత దెబ్బతీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

గుడ్ల సంగతి తేలిక. పెట్టకు చీకటిగా, మెత్తగా, మరుగుగా ఉన్న చోటు కావాలి, అది గూటిలో లేదు కనుక తుప్పలో వెతుక్కుంది. మూడు నాలుగు పెట్టలకు ఒకటి చొప్పున గంపల్లో ఎండుగడ్డి పరిచి, గూటిలో మసక మూలన పెట్టి, ఒక్కోదానిలో గుడ్డంత తెల్లటి నున్నని రాయి ఉంచండి. చాలా పెట్టలు ఉదయం పూటే గుడ్డు పెడతాయి కనుక పదిహేను రోజులపాటు వాటిని పది గంటలయ్యాకే బయటికి వదలండి. ఆ అలవాటు పడ్డాక అవే గంప వెతుక్కుని వస్తాయి.

ఇక వనరాజా. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకం ఇది. నాటుపెట్ట ఏడాదికి 50–60 గుడ్లు పెట్టేచోట ఇది పెరటి మేతమీద సుమారు వంద పెడుతుంది. అయితే మీ 12 కోళ్ళకు మరో 30 చేరితే 20 సెంట్ల పెరడు మోయలేదు. ఆరు నెలల్లో పచ్చగడ్డి, పురుగు మిగలక మొత్తం మేత కొనవలసి వస్తుంది. ముందు 15 తెచ్చుకోండి. వనరాజా పెట్టలు సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పిల్లలు తీసినా ఆ పిల్లల్లో తల్లి గుణం పూర్తిగా రాదు కనుక ఆ గుడ్లను తినడానికో అమ్మడానికో ఉంచి, పిల్లలను ప్రతిసారీ ప్రభుత్వ హేచరీ నుంచో నమ్మకమైన కేంద్రం నుంచో తెచ్చుకోవాలి.

ఆరు వారాలు నిండేదాకా పిల్లలను పెరట్లోకి వదలవద్దు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఇచ్చి, వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు: పిల్లలు బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే వేడి చాలడం లేదని, రెక్కలు విప్పి దూరంగా రొప్పుతుంటే ఎక్కువైందని అర్థం. 15 పిల్లలకు 40 వాట్ల బల్బు చాలు. కరెంటు పోయిన రాత్రి వేడినీళ్ళు పోసి మూత బిగించిన కుండకు గోనె చుట్టి మధ్యలో పెట్టండి.

పెరటి మేతలో పురుగు ఉంటుంది కాని బలానికి గింజ తక్కువ. పెద్ద కోడికి రోజుకు 30 నుంచి 50 గ్రాముల నూకలు, చోళ్ళు (రాగులు), తవుడు కలిపి సాయంత్రమే, గూటి దగ్గరే వేయండి. కోళ్ళు వేళకు గూటికి చేరతాయి. మిగిలిన గింజ రాత్రి నేలమీద ఉండకూడదు, గింజకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. గుడ్లు పెట్టే పెట్టలకు ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో ఉంచండి. పిల్లలకు చెదలు మంచి మేత: పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కూరి సాయంత్రం చెదల పుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లవారేసరికి నిండా చెదలు చేరి ఉంటాయి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచింది టీకాల గురించి. ముంగిస ఒకటి రెండు పిల్లలను తీసుకుపోతుంది, కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే అంటువ్యాధి) వారంలో గూడంతా ఖాళీ చేస్తుంది. పిల్లలకు ఏడో రోజున కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, 14వ రోజున గంబోరో అనే మరో అంటువ్యాధికి టీకా, 28వ రోజున మళ్ళీ లసోటా, ఆరో వారంలో మశూచి టీకా, ఎనిమిదో వారంలో రెక్క కింద చర్మంలో అర మిల్లీలీటరు ఆర్‌టుబి (కొక్కెర తెగులుకే వేసే మరో టీకా) ఇప్పించాలి. టీకా సీసాలు సాధారణంగా వంద కోళ్ళకు సరిపడేవి వస్తాయి, కలిపిన మందు గంట రెండు గంటలకన్నా నిలవదు. అందుకని ఒక్కరే కొనకుండా వీధిలో ఉన్న కోళ్ళన్నిటికీ ఒకేరోజు వేయించేలా మీ పశువైద్యశాల లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరును అడగండి. పక్కింటి కోళ్ళకు టీకా లేకపోతే మీ గూటికీ భద్రత ఉండదు. టీకాను ఐసులో పెట్టి తేవాలి. జబ్బు కనబడ్డాక వేసిన టీకా ఆ కోడిని కాపాడదు. పర్లాకిమిడి, పాతపట్నం వైపు సంతల్లో కొన్న కోడిని పదిహేను రోజులు వేరే గంప కింద ఉంచి చూశాకే మందలో కలపండి.

నీడ, తేమ ఉన్న నేలలో ఏలికపాముల గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. పెరడును తడకతో రెండుగా విడదీసి, ఒక సగంలో రెండు నెలలు కోళ్ళను తిప్పి, రెండో సగానికి ఎండ తగలనివ్వండి. మూడు నెలలకొకసారి డాక్టరు చెప్పిన మోతాదులో నట్టల మందు తాగించండి. గూటి వెదురు పగుళ్ళలో పగలు దాక్కుని రాత్రి రక్తం పీల్చే గోమార్లు కనబడితే పగుళ్ళలో మరిగే నీళ్ళు పోసి, సున్నం పూయండి. ముందు గూటి చుట్టూ బాగు చేసి గూడు కట్టండి, ఇప్పుడున్న నాటుకోళ్ళకు టీకా వేయించండి. అవి గూటికి అలవాటు పడి గుడ్లు గంపలో పెడుతున్నాయని చూసుకున్నాకే వనరాజా పిల్లలకు చెప్పి పెట్టండి.