చేతిలో డబ్బు లేకపోతే మంచి మాట దానమవుతుందా?

యూదుల బోధన ప్రకారం తప్పకుండా అవుతుంది. పేదవాడికి పెరూటా, అంటే అప్పటి అతి చిన్న రాగి నాణెం, ఇచ్చినవారికి 6 దీవెనలు, మాటలతో ఓదార్చినవారికి 11 దీవెనలు అని యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్‌లో మతగురువు రబ్బీ ఇస్‌హాక్ అంటారు. నాణెం ఇస్తూ ముఖం తిప్పుకోవచ్చు. ఓదార్చాలంటే మాత్రం పక్కన కూర్చుని అతని బాధ వినాలి కదా, తేడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

అదే గ్రంథం నలుగురిలో ఒకరిని అవమానించడం రక్తం చిందించడంతో సమానమంటుంది. సిగ్గుతో ముఖంలో ఎరుపు పోయి తెల్లగా పాలిపోవడం మనమూ చూసే ఉంటాం.

రోజువారీ విషయాల్లోనూ ఇంతే పట్టింపు. కొనే ఉద్దేశం లేకుండా దుకాణదారుణ్ని "ఇదెంత?" అని అడగకూడదని తాల్ముద్‌కు మూలమైన ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో నియమం. బేరం వచ్చిందని ఆశగా లేచి నిలబడ్డ అతన్ని ఒక్కసారి ఊహించుకోండి.